కింది వాటా మీటరు

నవంబరు 3, సోమవారం

లైన్‌మన్ ప్రసన్నకుమార్ వచ్చి కింది వాటా ఫ్యూజులు పీకి పట్టుకుపోయాడు. పోతూ పోతూ మెట్ల మీదికి చూసి, పై మీటరు కూడా మాస్టారి పేరు మీదే ఉందా మేడం అని అడిగాడు. మా ఆయన పేరు మీదే ఉంది, అయితే ఏంటి అన్నాను. ఏం లేదండి, ఒకసారి కరెంటాఫీసులో ఏఈ గారిని కలవండి అని బండెక్కాడు. ఆ ఏం లేదండి అన్న తీరు నాకు నచ్చలేదు.

కింది వాటా ఖాళీగా ఉంది. అద్దెకున్న శ్యాంబాబు, మెర్సీ దసరా వెళ్లాక ఖాళీ చేశారు. అతను రొయ్యల పచ్చళ్లు పెట్టి ఊరూరికీ పార్సిళ్లు పంపేవాడు. నాలుగు ఫ్రీజర్లు రాత్రింబవళ్లు తిరుగుతుండేవి. మెర్సీకి నెలలు నిండుతున్నాయి, పుట్టింటి దగ్గర ఉంటామని చెప్పారట. తాళం మా ఆయన చేతికిచ్చారు. ఈయన వాళ్లిద్దరి నెత్తిన చేతులుంచి ప్రార్థన చేసి మరీ సాగనంపారు. కరెంటు బిల్లు కట్టావా బాబూ అని ఒక్క మాట అడగలేదు. నేను కాలేజీ నుంచి వచ్చేసరికి సామాన్ల వ్యాను సందు దాటేసింది.

పైన మేమిద్దరమే. ఈయన ముక్కుకి ట్యూబు, మంచం పక్కన ఆక్సిజన్ మెషిను. కరోనా వచ్చి తగ్గాక ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి. స్కూల్లో డ్రిల్లు మాస్టారు, ఒకప్పుడు ఈయన విజిల్ వేస్తే గ్రౌండు అవతల పిల్లలు నిలబడిపోయేవాళ్లు. ఇప్పుడు బాత్‌రూమ్ దాకా వెళ్లొస్తే పది నిమిషాలు మాట రాదు. మొన్నటి తుఫానుకి కరెంటు పోయినప్పుడు సిలిండర్ల మీద నెట్టుకొచ్చాం. రెండోది అయిపోయేసరికి పెదాలు నేరేడుపండు రంగుకి వచ్చాయి. ఆ భయం ఇంకా తీరనే లేదు.

నవంబరు 4, మంగళవారం

ఏఈ పేరు సాయిదుర్గ. మొన్న మొన్న మా కాలేజీలో ఇంటర్ పూర్తిచేసిన పిల్లలా ఉంది. కూర్చోండి మేడం అంది, మంచినీళ్లు తెప్పించింది. మర్యాదగా మొదలుపెట్టేవాళ్లంటే నాకు భయం.

మూడు నెలల బిల్లులు కట్టలేదట. అది చాలదన్నట్టు సెప్టెంబరులో తనిఖీ స్క్వాడ్ వచ్చి, ఇంటి మీటరు మీద వ్యాపారం చేస్తున్నారని ఫ్రీజర్లకి ఫొటోలు తీసుకుని వెళ్లిందట. నోటీసు శ్యాంబాబే సంతకం పెట్టి తీసుకున్నాడట. మాకు చెప్పలేదు. వెనకటి నెలలన్నిటికీ కమర్షియల్ రేటు, దాని మీద ఫైను, అన్నీ కలిపి ఎనభై ఆరు వేల చిల్లర.

వాడుకున్నది శ్యాంబాబు కదమ్మా, అతని దగ్గర వసూలు చేసుకోండి అన్నాను. మా రికార్డులో శ్యాంబాబనే మనిషి లేడు మేడం, మీవారు విజయ్ పాల్ గారే ఉన్నారు అంది. మీటరు ఎవరి పేరున ఉంటే వాళ్లే కట్టాలట, తర్వాత మనం మనం చూసుకోవాలట. గొంతు పెంచాను. ఆ పిల్ల పెంచలేదు. ఆ గదిలో అరుస్తున్నది నేనొక్కదాన్నేనని తెలిసి నాకే సిగ్గేసింది.

పై మీటరు సంగతి మీ లైన్‌మన్ ఎందుకడిగాడు అన్నాను. కాసేపు కంప్యూటర్ వైపు చూసింది. ఒకే పేరు మీద రెండు సర్వీసులుంటే ఒకదాని బాకీకి రెండోది కూడా ఆపొచ్చు మేడం, రూలుంది అంది. అప్పుడు చెప్పాను మెషిను గురించి. డాక్టరు లెటర్ తెచ్చివ్వండి, ఫైలుకి పెట్టి రెండు వాయిదాలు అడుగుతాను అంది. సగం నవంబరు ఆఖరుకి, సగం డిసెంబరు ఆఖరుకి. గడువు ఇప్పించగలను గానీ మాఫీ చేయించలేను మేడం అంది.

బయటికొచ్చి స్కూటీ మీద కూర్చుని లెక్క వేసుకున్నాను. బంగారం ఆస్పత్రి అప్పుకి బ్యాంకులోనే ఉంది. నాది ప్రైవేటు కాలేజీలో క్లర్కు జీతం. ఈయనది ప్రైవేటు స్కూలు, పెన్షన్ లేదు. ఎక్కణ్నుంచి తేను?

నవంబరు 5, బుధవారం

శ్యాంబాబు ఫోను స్విచ్చాఫ్. పొద్దున్నా, మధ్యాహ్నమూ, ఇప్పుడూ.

నవంబరు 7, శుక్రవారం

అసలు అతన్ని ఎలా నమ్మారు అని ఈయన్ని నిలదీశాను. నాకు తెలియక కాదు, ఆయన నోటితో వినాలని.

రెండేళ్ల కిందట కోతపండుగ. అందరూ ఇంట్లో కాసినవి, పెంచినవి చర్చికి తెచ్చి బల్ల ముందు పెడతారు, ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. మా పెరటి గుమ్మడికాయ కూడా పెట్టాం. ఊరికి కొత్తగా వచ్చిన శ్యాంబాబు దాన్ని పాడాడు. ఐదొందలు, వెయ్యి, రెండు వేలు. చివరికి ఐదు వేలకి ఎత్తుకున్నాడు. అందరూ చప్పట్లు. ఈయనకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇంత విశ్వాసమున్న బిడ్డ ఊళ్లో ఇల్లు దొరక్క తిరగడమేంటని ఆ సాయంత్రమే కింది వాటా తాళం ఇచ్చేశారు. అడ్వాన్సు లేదు. అగ్రిమెంటు మాటెత్తితే, విశ్వాసుల మధ్య కాయితాలేంటి రెబెక్కా అని నన్నే కసిరారు.

ఈయనొక్కరే అని అనను. మా సంఘంలో వేలంలో గట్టిగా పాడినవాడికి ఇల్లూ దొరుకుతుంది, అప్పూ దొరుకుతుంది, ఒక్కోసారి పిల్లా దొరుకుతుంది. పాడిన డబ్బు కట్టాడా లేదా అని మాత్రం ఎవరూ చూడరు, తర్వాత ఇవ్వొచ్చులే అంటారు.

ఈ రోజు మాటల్లో ఇంకోటి బయటపడింది. ఆ గుమ్మడికాయ డబ్బు శ్యాంబాబు కట్టనే లేదట. కొత్త కుర్రాడు, నలుగురిలో పరువు పోతుందని ఈయనే కట్టేశారట. మన గుమ్మడికాయకి మనమే ఐదు వేలు కట్టామన్నమాట. నాకు నవ్వొచ్చింది, తర్వాత వంటింట్లోకి వెళ్లి గిన్నెలు ఎత్తి పడేశాను. ఈయనకి ఆయాసం వచ్చే దాకా తిట్టాను. ఆయాసం రాగానే ఆపేశాను. కడుపారా కోప్పడ్డానికి కూడా లేదు నాకు ఈ మనిషి మీద.

నవంబరు 9, ఆదివారం

ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారికి చెప్పాను. ప్రార్థనలో పెడదామమ్మా అన్నారు. పెట్టండి, దాంతోపాటు అతని అడ్రసు ఎవరికైనా తెలుసేమో కూడా అడగండి అన్నాను. అయ్యగారు నొచ్చుకున్నారు. ఎవరికీ తెలియదు.

నవంబరు 12, బుధవారం

మధ్యాహ్నం కాలేజీలో ఫీజులు కట్టించుకుంటుంటే ఫోను. కరెంటు పోయింది రెబెక్కా అన్నారు ఈయన. అంత చిన్న మాటకి మధ్యలో రెండుసార్లు ఆగారు.

స్కూటీ ఎలా నడిపానో తెలియదు. కోసేశారనే అనుకున్నాను. సందు మొదట్లో ప్రసన్నకుమార్ కనపడితే బండి ఆపి నోటికొచ్చినట్టు తిట్టాను. అతను ట్రాన్స్‌ఫార్మరు వైపు చూపించాడు. వీధంతా పోయిందట. పైకెళ్లి సిలిండరు పెట్టేసరికి ఈయన మంచం అంచు పట్టుకుని ముందుకు వంగి కూర్చున్నారు, చొక్కా తడిసిపోయింది. సిలిండరు తిప్పే ఓపిక లేకపోయిందట.

కరెంటు వచ్చాక కిందికి దిగి ప్రసన్నకుమార్‌కి సారీ చెప్పాను. పర్వాలేదమ్మా అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, నెలాఖరు లిస్టులో మీ పై సర్వీసు నంబరు పడిందమ్మా, ఎలాగోలా సగమైనా కట్టెయ్యండి, నా చేత ఆ పని చేయించకండి అన్నాడు.

నవంబరు 15, శనివారం

దొరికాడు.

లంచ్‌లో హారతి మేడం, మా కెమిస్ట్రీ లెక్చరర్, కొత్తగా తెప్పించానండీ అంటూ రొయ్యల పచ్చడి సీసా తీసింది. సీసా మీద లేబుల్ కొత్తది, పేరు కొత్తది, ఫోను నంబరు కూడా కొత్తదే. మూత చుట్టూ కట్టిన ఎర్రగుడ్డ, దాని ముడి మాత్రం మెర్సీదే. కింది వాటాలో కూర్చుని వందల సీసాలకి ఆ ముడి వేయడం చూశాను. లేబుల్ మీద ఊరు మొగల్తూరు. పచ్చడి వేసుకోండి అంటే ఒక్క మెతుక్కీ కలపలేకపోయాను.

రేపు వెళ్తాను. ఈయనకి చెప్పాను. గట్టిగా మాట్లాడకు, ఆ పిల్ల ఒట్టి మనిషి కాదు అన్నారు.

నవంబరు 16, ఆదివారం

చర్చికి పోలేదు. పక్కింటివాళ్లని ఈయన దగ్గర ఉండమని చెప్పి, నర్సాపురం బస్సెక్కి, అక్కడ మారి, మొగల్తూరులో దిగాను. పచ్చళ్ల అబ్బాయి అంటే ఎవరైనా చెబుతున్నారు.

రోడ్డు వార పెంకుటిల్లు. వరండాలో డెబ్బై దాటిన ఆవిడ ఎండురొయ్యలు చెరుగుతోంది. పేరు దీనమ్మ. ఆ ఇల్లు ఆవిడదే. నన్ను మెర్సీ తాలూకు చుట్టమనుకుంది. పీట వేసి మంచినీళ్లిచ్చింది. నేనడక్కుండానే చెప్పుకుపోయింది. అబ్బాయి బంగారమమ్మా, చర్చికి మైకు సెట్టు ఇస్తానని అందరి ముందూ లేచి చెప్పాడు, ఆ మాట విని నేనే పిలిచి గదులిచ్చాను అంది. కరెంటు కాయితం వస్తే వాడి చేతికే ఇచ్చేస్తానమ్మా, నాకు చదువు రాదు, వాడే కట్టేస్తున్నాడు అంది.

వెనక గదుల్లోంచి ఫ్రీజర్ల రొద. మా ఇంట్లో రెండేళ్లు విన్నదే. వరండా గోడకి మీటరు, పక్కన పెయింటుతో రాసిన సర్వీసు నంబరు. మీటరు మీద ఎర్రలైటు గబగబా కొట్టుకుంటోంది. చూడకూడదనుకుంటూనే ఆ నంబరు చదివాను.

శ్యాంబాబు బయటికొచ్చి నన్ను చూసి రంగు మారాడు. మెర్సీ గుమ్మంలో కనిపించి లోపలికి తప్పుకుంది. రండి ఆంటీ, బొండాం తాగుదురు గానీ అంటూ నన్ను రోడ్డు మీదికి తీసుకెళ్లాడు. అక్కడ కాళ్లు పట్టుకోబోయాడు. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు. తిట్టాను. మాస్టారి మెషిను సంగతి నీకు తెలియదా, రోజూ మెట్లెక్కి వచ్చి ఆయన పక్కన కూర్చునేవాడివి కదరా అన్నాను. ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు. సీజన్‌లో సరుకు పోయింది ఆంటీ, అప్పుల వాళ్లు మీద పడ్డారు, మీకు మొహం చూపించలేక వచ్చేశాను అన్నాడు.

తర్వాత అసలు సంగతి చెప్పాడు. క్రిస్మస్ ఆర్డర్లు బాగా ఉన్నాయట. ఈ నెలాఖరులోపు సగం వేస్తాడట, వచ్చే నెలాఖరులోపు మిగతాది. ఒక్కటే అడిగాడు. దీనమ్మ గారికి మాత్రం ఏమీ చెప్పకండి ఆంటీ, ఆవిడ ఖాళీ చేయిస్తే ఫ్రీజర్లు ఆగిపోతాయి, సరుకు కుళ్లిపోతుంది, అప్పుడు మీకూ ఇవ్వలేను అన్నాడు.

ఆవిడ బిల్లు కడుతున్నావా అని అడిగాను. కడతాను ఆంటీ అన్నాడు. కడుతున్నాను అనలేదు.

సరే అన్నాను.

తిరిగి వస్తుంటే దీనమ్మ వరండాలోంచి కేకేసింది, అన్నం తిని వెళ్లమ్మా అని. వెనక్కి తిరగలేదు. బస్సు వచ్చే దాకా ఎండలో నిలబడ్డాను. నేను ఒప్పుకున్నదేంటో నాకు తెలుసు. ఆవిడ మీటరు తిరిగితేనే మా మీటరు ఆగదు.

నవంబరు 17, సోమవారం

దొరికాడు, వాయిదాల్లో ఇస్తానన్నాడు అని మాత్రమే ఈయనకి చెప్పాను. దీనమ్మ గారి ఊసు ఎత్తలేదు.

నవంబరు 26, బుధవారం

నలభై మూడు వేలు పడ్డాయి. ఫోను తీసి మళ్లీ మళ్లీ చూసుకున్నాను.

పర్మిషన్ పెట్టుకుని కరెంటాఫీసుకి వెళ్లి కట్టేశాను. డాక్టరు లెటర్ ముందే ఇచ్చాను, వాయిదాలకి ఒప్పుకున్నారు. సాయిదుర్గ రసీదు ఇస్తూ మొదటిసారి నవ్వింది. మిగతాది డిసెంబరు ముప్పై ఒకటి దాటనివ్వకండి మేడం, దాటితే మళ్లీ లిస్టు వచ్చేస్తుంది అంది.

ఇంటికొచ్చి చెబితే ఈయన మొహం వెలిగిపోయింది. చూశావా, నేనన్నానా, ఆ బిడ్డ అలాంటివాడు కాదు అన్నారు. అవునండీ అన్నాను. చాన్నాళ్లకి చేపల పులుసు పెట్టాను. నేనే సరిగా తినలేకపోయాను.

నవంబరు 28, శుక్రవారం

చూడకూడదు. చూశాను. కరెంటు వాళ్ల యాప్‌లో ఎవరి సర్వీసు నంబరు కొట్టినా బిల్లు వస్తుంది. దీనమ్మ గారిది పాత బిల్లులన్నీ రెండొందలు, మూడొందలు. ఈ నెలది తొమ్మిది వేలు దాటింది. కట్టాల్సిన తేదీ అయిపోయింది. కట్టలేదు.

డిసెంబరు 7, ఆదివారం

కోతపండుగ. నేను వద్దంటున్నా వినకుండా ఈయన చిన్న సిలిండరు సంచిలో పెట్టుకుని ఆటోలో వచ్చారు. చర్చి నిండా కొబ్బరిగెలలు, అరటిగెలలు, రెండు కోడిపుంజులు. ఎన్నాళ్లకో వచ్చిన మాస్టారు అని అందరూ లేచి చోటిచ్చారు. నాకూ సంతోషంగానే ఉంది, అయ్యగారు, దేవుడు చేసిన మేలుకి సాక్ష్యం చెప్పేవాళ్లు రండి అనే దాకా.

ఈయన లేచారు. చెయ్యి పట్టుకుని లాగాను. విడిపించుకుని వెళ్లారు.

ఆగి ఆగి చెప్పారు. మా ఇంట్లో అద్దెకున్న శ్యాంబాబు బాకీ పెట్టి వెళ్లాడని చాలామంది నిందించారు, నా భార్య కూడా నిందించింది, నేను మాత్రం ప్రభువు మీద భారం వేశాను, ఆ బిడ్డ తనంత తానే డబ్బు పంపాడు, ఈ రోజు నేను ఊపిరి తీసుకుంటున్నానంటే ఆ బిడ్డ నిజాయితీ వల్లే అన్నారు. ఇళ్లు అద్దెకిచ్చేవాళ్లు ఇలాంటి బిడ్డల్ని చూసి ఇవ్వండి, అనుమానించకండి అన్నారు. చర్చంతా స్తోత్రం అంది. నా పక్కన కూర్చున్నావిడ నా భుజం తట్టింది.

నేను తలవంచుకుని కూర్చున్నాను. నా మొహం చూస్తే ఎవరికైనా తెలిసిపోతుందేమోనని భయమేసింది. తర్వాత అందరూ రొట్టె, ద్రాక్షరసం తీసుకునే సంస్కారానికి లేచారు, వరస వరసగా బల్ల దగ్గరికి వెళ్లారు. తప్పు దాచుకున్నవాళ్లు అది ముట్టకూడదు, నేను లేవలేదు. ఈయన అక్కణ్నుంచి తిరిగి చూశారు.

డిసెంబరు 8, సోమవారం

కాలేజీకి వెళ్లకముందే అడిగారు, నిన్న బల్ల దగ్గరికి ఎందుకు రాలేదు అని. చెప్పేశాను. దీనమ్మ, ఆవిడ మీటరు, రోడ్డు మీద నేను సరే అనడం, అన్నీ.

ఈయన ముక్కు దగ్గర ట్యూబు సర్దుకున్నారు. తర్వాత ఆవిడకి పిల్లలున్నారా అని అడిగారు. తెలియదు, అడగలేదు అన్నాను. వెళ్లి చెప్పు రెబెక్కా అన్నారు.

ముప్పై ఒకటి తర్వాత వెళ్తాను, రెండో వాయిదా పడ్డాక ఆ క్షణమే వెళ్తాను అన్నాను. అప్పటికి ఆవిడకి ఇంకో బిల్లు పడుతుంది కదా అన్నారు. పడనివ్వండి అన్నాను. ఆ మాట నేనే అన్నాను, దాచుకోను. నా ఊపిరికి ఇంకొకళ్ల కరెంటా అన్నారు ఈయన.

అప్పుడు నాకు ఒళ్లు మండిపోయింది. మీకేం, చల్లగా చెబుతారు, పెదాలు నల్లబడితే చూసేది నేను, సిలిండరు తిప్పేది నేను, మీరు పోతే ఈ ఇంట్లో ఒంటరిగా ఉండాల్సింది నేను అన్నాను. మీరు పోతే అన్న మాట ఈ ఇంట్లో ఇంతవరకూ ఎవరూ అనలేదు. నాకు ఈ మనిషి కావాలి. మంచివాడైనా, చెడ్డవాడైనా, వెర్రిబాగులవాడైనా నాకు కావాలి. దానికోసం మొగల్తూరులో ఒక ముసలావిడ మునిగిపోతే పోనీ అనుకున్నాను. అంతే.

డిసెంబరు 10, బుధవారం

నేను కాలేజీకి వెళ్లగానే ఈయన మెషిను ఆపేస్తున్నారు. పక్కింటివాళ్లు చెప్పారు. సాయంత్రం వచ్చి ఆన్ చేస్తాను. నేను వంటింట్లోకి వెళ్లగానే మళ్లీ ఆపేస్తారు. మళ్లీ ఆన్ చేస్తాను. వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరు, తొంభైకి తగ్గకూడనిది, ఎనభై నాలుగు చూపిస్తోంది. నా వైపు కోపంగా కూడా చూడరు. ఇంత మెత్తని మనిషి ఇంత మొండివాడని పాతికేళ్లలో నాకు తెలియలేదు.

డిసెంబరు 11, గురువారం

ఎనభై ఒకటి. రెండో శనివారం వెళ్తానని చెప్పాను. మెషిను ఆయనే ఆన్ చేసుకున్నారు.

డిసెంబరు 13, శనివారం

మొగల్తూరు. శ్యాంబాబు నర్సాపురం మార్కెట్టుకి వెళ్లాడట, మెర్సీ ఆస్పత్రిలో ఉందట. దీనమ్మ ఒక్కతే ఉంది. ఒక్కతే ఉండటం నాకు ఇంకా కష్టమైంది.

చెప్పాను. ముందు నమ్మలేదు. పచ్చగా ఉన్న పిల్లాణ్ని చూసి ఓర్వలేక వచ్చావా అంది. ఆ మాట పడ్డాను. మీటరు ఎవరి పేరు మీద ఉందండీ అని అడిగితే, మా ఆయన పేరు మీదే ఉందమ్మా, పోయి ఎన్నో ఏళ్లయింది అంది. అలా ఉన్నా ఇల్లు మీదే కాబట్టి మీ మీదికే వస్తారు అని చెప్పాను. యాప్ తీసి చదివి వినిపించాను. పోయిన నెల తొమ్మిది వేలు, ఈ నెల పదకొండు వేలు, రెండూ కట్టలేదు. మా ఇంటికి స్క్వాడ్ రావడం, ఫ్యూజులు పీకడం, అన్నీ చెప్పాను.

ఆవిడ గోడ మీద మీటరు వైపు చూస్తూ కూర్చుంది. తర్వాత అడిగింది, ఇదంతా నీకెప్పుడు తెలిసిందమ్మా అని.

నిన్ననే అనే మాట నాలిక చివరి దాకా వచ్చింది. ఎవరు పట్టుకోగలరు? మొదటిసారి వచ్చిన రోజేనండీ అన్నాను.

ఆవిడ లేచి లోపలికి వెళ్లింది. తిట్టి ఉంటే బాగుండేది. లేచి లోపలికి వెళ్లింది. ఎంతసేపు నిలబడ్డా బయటికి రాలేదు. వచ్చేశాను.

డిసెంబరు 19, శుక్రవారం

శ్యాంబాబు ఫోను చేశాడు. నా నోటికాడి కూడు తన్నేశారు కదా ఆంటీ అన్నాడు. దీనమ్మ తక్కువది కాదు. అరవలేదట, ఖాళీ చెయ్యమనలేదట. ఫ్రీజర్లున్న గదికి తన తాళం వేసేసి, రెండు బిల్లులూ కట్టి, మీటరు కమర్షియల్‌కి మార్పించి, ముందుగా మూడు నెలలది డిపాజిట్టు పెడితేగానీ తియ్యనందట. లోపల క్రిస్మస్ సరుకు. మాకివ్వడానికి దాచిన డబ్బంతా అక్కడ కట్టేశాడట. అది మీకివ్వాల్సిన డబ్బే ఆంటీ, ఇక కావాలంటే వెళ్లి ఆ ముసల్దాన్ని అడుక్కోండి అని పెట్టేశాడు. మళ్లీ చేస్తే స్విచ్చాఫ్.

యాప్ చూశాను. రెండు నెలలవీ కట్టేసినట్టు చూపిస్తోంది.

సంతోషించాలి. నా వల్ల కాలేదు. నేనెందుకు ఆ పని చెయ్యలేదు, ఫ్రీజర్లు రెండేళ్లు మా ఇంట్లోనే ఉన్నాయి కదా అని కుళ్లుకున్నాను. ఈయనకి చెబితే కళ్లు మూసుకుని, మంచిది అన్నారు. ఈ రాత్రి అన్నం రెండోసారి అడిగి పెట్టించుకున్నారు.

డిసెంబరు 30, మంగళవారం

కాలేజీ కరస్పాండెంట్ అడ్వాన్సు ఇస్తానన్నారు, కానీ ఐదో తారీఖు తర్వాతే. సాయిదుర్గకి చెప్పాను. నాలుగైదు రోజులే కదమ్మా అన్నాను. పైకి రాసి చూశాను మేడం, ఒప్పుకోలేదు అంది. ఇంకేమీ అనకుండా ఫోను పెట్టేస్తుందనుకున్నాను. పెట్టలేదు. సిలిండర్లు రేపు పొద్దున్నకల్లా దగ్గర పెట్టుకోండి మేడం అంది.

భీమవరం నుంచి మూడు తెప్పించాను, ఒక్కోటి ఒక పూటకే వస్తుంది. ఇంకా కావాలంటే రెండో తారీఖు దాకా షాపు తెరవరట.

డిసెంబరు 31, బుధవారం, ఉదయం పదకొండున్నర

ప్రసన్నకుమార్ వచ్చాడు. చెప్పులు విప్పి పైకొచ్చి, ముందు సిలిండరు పెట్టండమ్మా, నేను ఆగుతాను అన్నాడు. పెట్టాను. ఈయన అతనికి కాఫీ ఇవ్వమన్నారు. తాగాడు. దిగి వెళ్లి ఫ్యూజులు తీశాడు.

మెషిను ఆగిపోయింది. ఇన్నాళ్లూ దాని రొదలో ఈయన ఊపిరి నాకు వినపడేది కాదు. ఇప్పుడు వినపడుతోంది. రాయడం ఆపి వింటున్నాను.